నిరభ్యంతర వస్త్రం

ఉద్యోగం రావాలంటే చదువుండాలంటారు కొందరు, అదృష్టముండాలంటారు ఇంకొందరు. కాకినాడలో మా వీధివాళ్ళు మాత్రం జగ్గప్పారావుగారి చొక్కా ఉండాలంటారు.

లేత నీలం మీద సన్నటి నిలువుగీతల చొక్కా అది. అది తొడుక్కుని వెళ్ళిన రోజునే ఆయనకి పోర్టు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. తరవాత ఆయన తమ్ముడు తొడుక్కుని బ్యాంకులో పడ్డాడు. ఎదురింటి మంగతాయారుగారి అల్లుడు తొడుక్కుని రైల్వేలో పడ్డాడు. అప్పట్నుంచీ మా వీధిలో ఎవరికి ఇంటర్వ్యూ వచ్చినా ముందు పుస్తకాలు తియ్యరు. ఆ ఇంటి ఆడవాళ్ళు పళ్ళెంలో అరటిపళ్ళు పెట్టుకుని జగ్గప్పారావుగారింటికి బయల్దేరతారు. ఆయన బీరువాలోంచి చొక్కా తీసి, కళ్ళకద్దుకుని, "అచ్చొచ్చిన చొక్కా అమ్మా, ఉతక్కండి. ఉతికితే ఉన్న మహిమ కాస్తా సబ్బునీళ్ళలో పోద్ది" అని చెప్పి మరీ ఇస్తారు. ఆ మాట అందరూ పాటిస్తున్నారన్న సంగతి చొక్కా దగ్గరికి వెళితే తెలుస్తుంది.

నా పేరు విఘ్నేశ్వరరావు. వాన కొలతల సంస్థలో సహాయ వర్షమాపకుడి ఉద్యోగానికి నాకు ఇంటర్వ్యూ వచ్చింది. పొద్దున్నే మేడెక్కి, డబ్బాలో ఎంత వాన నీరు పడిందో చూసి రాయడం ఆ ఉద్యోగం. చిన్నప్పట్నుంచీ నాకు వానంటే ప్రాణం. జీతమిచ్చి మరీ వాన చూడమనే ఉద్యోగం భూప్రపంచంలో ఇంకోటి ఉంటుందా? పైగా వయసు మీరిపోతోంది కాబట్టి ఇదే నాకు ఆఖరి ఇంటర్వ్యూ. ఇది కూడా పోతే మా పుల్లయ్య మావయ్య సిమెంటు కొట్టులో కూర్చోవాలి. మావయ్య మంచివాడే. ఆ మంచితనంతోనే నాకోసం కొట్టులో ఓ కొత్త స్టూలు కొని పెట్టాడు. ఇంటికొచ్చినప్పుడల్లా, "స్టూలు దుమ్ము పట్టేస్తోందిరా అల్లుడూ" అంటాడు. సిమెంటు వాసన తగిలితే చాలు, తుమ్ములతో నా తల దిమ్మెక్కిపోతుంది. ఆ సంగతి చెబితే, "అలవాటైపోద్దిలే" అంటాడు.

అమ్మ అరటిపళ్ళు పట్టుకెళ్ళి చొక్కా తెచ్చింది. అది జగ్గప్పారావుగారి నిండు యవ్వనపు కొలతలకి కుట్టించినది. నేను తొడుక్కుంటే నాతోపాటు ఇంకొకరికి కూడా చోటుంటుంది. అయినా అద్దం ముందు నిలబడి, "ఫరవాలేదు, హుందాగానే ఉన్నాను" అనుకుంటున్నంతలో సంస్థవారి ఉత్తరం వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, అభ్యర్థి ధరించు దుస్తులు బోర్డువారి నిర్ణయమును ఏ విధముగానూ ప్రభావితము చేయరాదు. కావున ఇంటర్వ్యూకు ధరించబోవు దుస్తులను ముందుగా మా వస్త్ర ఔచిత్య విభాగమువారికి చూపి, అభ్యంతరము లేదని నిర్ధారణ పొందవలెను."

ఇదంతా పోయినసారి వచ్చిన గొడవ వల్ల. అప్పుడెవరో పట్టు లాల్చీ వేసుకొచ్చి ఉద్యోగం కొట్టేశాడట. రానివాళ్ళందరూ కలిసి, "ఉద్యోగం లాల్చీకిచ్చారు" అని ఫిర్యాదు చేశారట. దాంతో సంస్థ ఏకంగా ఒక విభాగాన్నే తెరిచింది. అందులో వాన కొలిచేవాళ్ళ కంటే ఎక్కువమంది పనిచేస్తున్నారని తరవాత తెలిసింది.

"దానికేంట్రా, చూపించు. చూస్తారు, సరేనంటారు. అచ్చొచ్చిన చొక్కాకి అభ్యంతరమేంటి?" అంది అమ్మ.

చొక్కా సంచీలో పెట్టుకుని, మామూలు చొక్కా వేసుకుని వెళ్ళాను. గుమ్మంలోనే అటెండరు గవర్రాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండాగండి. దుస్తులు నిర్ధారణ అయ్యాయాండి?"

"దానికేనండీ వచ్చింది."

"ఆయ్, సంచీలోవి సరేనండి. ఒంటిమీదవో?"

"ఒంటిమీదవి వేసుకుని ఇంటర్వ్యూకి రానండీ."

"ఇంటర్వ్యూకి రాకపోవచ్చండి. కానీ లోపల బట్టలు చూసే కమిటీ ముందుకెళతారు కదండీ? ఒంటిమీద చొక్కా చూసి సంచీలో చొక్కా మీద మంచి అభిప్రాయం వచ్చేస్తే ఎవరిదండీ బాధ్యత?"

గవర్రాజు జాలిపడి అసలు సంగతి చెప్పాడు. ఇలాంటి చిక్కు వస్తుందని పెద్దలు ముందే ఊహించి, తటస్థ వస్త్రమని ఒకటి ఏర్పాటు చేశారట. కమిటీ ముందుకు వెళ్ళేవాళ్ళు సొంత బట్టలు పక్క గదిలో విడిచిపెట్టి, ఆ తటస్థ వస్త్రం కప్పుకుని వెళ్ళాలట. తీసిచ్చాడు. చూద్దును కదా, తెల్ల దుప్పటి!

"లోపల ఏం వేసుకోవాలండీ?" అనడిగాను.

"లోపలిది మా సంస్థ పరిధిలోకి రాదండి. తల మీంచి కూడా కప్పుకోండి. క్రాపుని బట్టి కూడా అభిప్రాయాలొచ్చేస్తన్నాయంట."

నడవాలో అప్పటికే దుప్పట్లు కప్పుకుని బోలెడంతమంది కూర్చున్నారు. ఎవరు పీజీ చదివారో, ఎవరు పది తప్పారో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. నేనూ వెళ్ళి వాళ్ళ పక్కన చలిజ్వరం వచ్చినవాడిలా కూర్చున్నాను.

వస్త్ర ఔచిత్య విభాగానికి ప్రత్యేకాధికారి మార్కండేయులుగారు. నా చొక్కాని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, వెలుగులో చూసి, వాసన చూసి, దూరంగా పెట్టేశారు.

"నీలం. ఈ రంగు ఒక జెండాలో ఉన్నది."

"పోనీ వేరే రంగుది తెస్తానండి. ఏ రంగు తెమ్మంటారు?"

"మేము పరిశీలించినంతవరకు ప్రతి రంగూ ఎవరో ఒకరి జెండాలో ఉన్నది. ఏ జెండాలోనూ లేని రంగు ఒకటి కనుగొనబడినది గానీ, అది ఒక సినిమా హీరోగారి అభిమానులదని పిదప తెలియవచ్చినది. ఇక గీతలు. నిలువుగీతలు అభ్యర్థిని ఉన్నదానికంటే పొడవుగా చూపి బోర్డువారిని తప్పుదోవ పట్టించును. అడ్డగీతలు జైలును స్ఫురింపజేయును. గళ్ళు లుంగీని స్ఫురింపజేయును."

"గీతలూ గళ్ళూ లేనిదైతేనండీ?"

"దాచవలసినదేదో దాచినట్లుండును." ఆయన చొక్కా తిప్పి చూపించారు. "ఇచట జేబు గలదు. జేబు గల చొక్కా ఏదో ఆశిస్తున్నట్లుండును."

"జేబు లేనిదే తెస్తానండి బాబూ!"

"జేబు లేని చొక్కా ఏమీ ఆశించనట్లు నటిస్తున్నట్లుండును. అది మరింత ప్రమాదకరము. ఇస్త్రీ చేసినచో ఆత్రము, చేయనిచో నిర్లక్ష్యము. మా విభాగము ప్రారంభమైన నాటి నుండి ఒక్క వస్త్రము కూడా నిర్ధారణ పొందలేదని చెప్పుటకు గర్విస్తున్నాము."

నాకు ఒళ్ళు మండిపోయింది. మావయ్య స్టూలు కళ్ళముందు కనిపించింది. అంతే, నోరు జారాను.

"అయితే ఇంక ఈ దుప్పట్లు కప్పుకునే ఇంటర్వ్యూకి వచ్చేయమంటారా? దీనికేమీ అభ్యంతరం లేదు కదా!"

వెటకారానికే అన్నాను. కానీ మార్కండేయులుగారు నన్ను చూశారు. దుప్పటిని చూశారు. ఫైలు తిప్పారు. మళ్ళీ దుప్పటిని చూశారు. ఆయన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోయింది.

"రంగు లేదు. గీత లేదు. జేబు లేదు. దీనిపై ఇంతవరకు ఒక్క అభ్యంతరము కూడా నమోదు కాలేదు!" అని, కుర్చీలోంచి లేచి నిలబడి ప్రకటించారు. "ఇది నిరభ్యంతర వస్త్రము."

ఆ సాయంత్రమే సర్క్యులర్ తయారైంది. ఇంటర్వ్యూ గదిలో ప్రవేశించువారందరూ సంస్థవారిచ్చు నిరభ్యంతర వస్త్రమునే ధరించవలెను. దాని మీద ఛైర్మన్ దండపాణిగారు చదవకుండానే సంతకం పెట్టారు. ఆయన దేన్నీ చదివి సంతకం పెట్టరు. చదివితే తమ మీద అనుమానమేమోనని కింది ఉద్యోగులు నొచ్చుకుంటారని ఆయన భావన.

ఇంటర్వ్యూ రోజున ఆ చొక్కా లేకుండా వెళ్ళడానికి అమ్మ ఒప్పుకోలేదు. "దుప్పటయితే దుప్పటి. ఇంటి దగ్గర్నుంచి మాత్రం ఆ చొక్కా వేసుకునే వెళ్ళరా. దాని గాలి సోకితే చాలు" అంది. సరేనని వేసుకెళ్ళి, బట్టల గదిలో విడిచి, దుప్పటి కప్పుకుని నడవాలో కూర్చున్నాను. బయట కుండపోతగా వాన. కరెంటు పోయింది. గవర్రాజు గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినే లోపలికి పంపుతున్నాడు. అయిపోయినవాళ్ళు ప్రశ్నలు బయటివాళ్ళకి చెప్పెయ్యకుండా వెనక తలుపులోంచి అటునుంచటే పోవాలి.

చివరికి నేనొక్కణ్ణే మిగిలాను. అంతలో ముందు తలుపే తెరుచుకుని, బొజ్జ ఉన్న ఓ దుప్పటి ఆదరాబాదరా బయటికొచ్చి, బాత్రూమువైపు పరిగెత్తింది.

"అటు కాదండోయ్, ఎనక తలుపు!" అని అరిచాడు గవర్రాజు.

కాసేపటికి ఆ దుప్పటి తిరిగొచ్చి తిన్నగా లోపలికి వెళ్ళబోయింది. గవర్రాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒకసారి అయిపోయినోళ్ళు మళ్ళీ ఎళ్ళకూడదండి."

"ఎవడ్రా నువ్వు? నేను ఛైర్మన్ని!"

"ఊరుకోండి బాబూ. ఛైర్మన్ గారు సఫారీలో ఉంటారు."

"ఆ సఫారీ విప్పించి దుప్పటి కప్పారు కదయ్యా! గదిలో ప్రవేశించువారందరూ అని నాచేతే సంతకం పెట్టించి, మార్కండేయులు నన్ను కూడా—"

"అయితే కార్డు చూపించండి."

ఆయన దుప్పటి తడుముకున్నారు. నిరభ్యంతర వస్త్రానికి జేబు ఉండదు. కార్డు సఫారీలో, సఫారీ బట్టల గదిలో, గది తాళం మార్కండేయులుగారి దగ్గర, మార్కండేయులుగారు భోజనంలో ఉన్నారు.

"అల్లరి చెయ్యకుండా ఆయన పక్కన కూచోండి పెద్దాయనా. ఆఖర్న మళ్ళీ పంపిస్తాన్లెండి" అన్నాడు గవర్రాజు దయగా.

ఆయన నా పక్కన కూలబడ్డారు. నాకు నిజంగానే జాలేసింది. ఈ వయసులో ఉద్యోగం కోసం అబద్ధాలాడుతున్నాడంటే ఇంట్లో ఎంత ఇబ్బందో! దుప్పటి జారిపోతుంటే మెడ దగ్గర ముడి వేసి పెట్టాను. "కంగారుపడకండి బాబుగారూ. తెలిసింది తెలిసినట్టు చెప్పండి. వాన మీద ప్రేముందని చెప్పండి" అన్నాను. ఆయన నన్ను నమిలేసేలా చూశారు.

"ఎళ్ళండి, మీ వంతు" అన్నాడు గవర్రాజు నాతో.

దేవుడికి దణ్ణం పెట్టుకుని లోపలికి వెళ్ళాను. గది మసకమసకగా ఉంది. బల్ల వెనక రెండు దుప్పట్లు, మధ్యలో ఖాళీ కుర్చీ. నన్ను చూడగానే రెండు దుప్పట్లూ లేచి నిలబడ్డాయి. ఎంత మర్యాదస్థులు అనుకున్నాను. ఇవతలున్న కుర్చీలో కూర్చోబోయాను.

"అయ్యయ్యో, అది అభ్యర్థి కుర్చీ సార్!" అని ఎడమపక్క సభ్యుడు ఒక్క అంగలో వచ్చి, నా మోచెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళి, మధ్య కుర్చీలో కూర్చోబెట్టాడు. "ఏమైందో అని కంగారుపడుతున్నాం సార్."

అప్పటికి నాకు సంగతి అర్థమైంది. బయట కూర్చున్నది నిజంగా ఛైర్మనే! ఆయన కింద ఏళ్ళ తరబడి పనిచేసిన వీళ్ళిద్దరూ ఒక్కసారి కూడా తలెత్తి ఆయన ముఖం చూసిన పాపాన పోలేదు. చూసిందల్లా సఫారీనే. చెప్పేద్దామనే అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. "సార్ ఏదో సెలవిస్తున్నారు" అని కుడిపక్క సభ్యుడు గబగబా పెన్ను తీశాడు. నేను నోరు మూసుకున్నాను.

"ఆఖరి అభ్యర్థి విఘ్నేశ్వరరావు సార్" అని ఎడమపక్కాయన గంట కొట్టాడు.

తలుపు తోసుకుని దండపాణిగారు లోపలికొచ్చారు.

నా గుండెల్లో రాయి పడింది. దొరికిపోయినందుకు కాదు. నా ఆఖరి ఇంటర్వ్యూలో నా పేరు మీద ఈయన కూర్చోబోతున్నందుకు!

"మీ పేరు విఘ్నేశ్వరరావేనా?"

"కాదు! నేను ఛైర్మన్ని! నా కుర్చీలో కూర్చున్న వాడెవడు?"

సభ్యులిద్దరూ నావైపు వంగారు. "పెద్ద ఆశయమే ఉంది సార్ ఈయనకి," అని నవ్వి, ఆయనతో అన్నాడు ఎడమపక్కాయన. "మంచిదే బాబూ. ముందు సహాయ వర్షమాపకుడిగా చేరండి. వానలు బాగా కురిస్తే మెల్లిగా పైకొస్తారు. సరే, ఒక ప్రశ్న. వాన కొలిచే డబ్బాని ఎక్కడ ఉంచాలి?"

"ఎక్కడేంటి, నా గదిలో ఉంది! నా బల్ల మీద! మేడ మీద తడిసిపోతోందని నేనే లోపల పెట్టించాను!"

సభ్యుల పెన్నులు ఆగిపోయాయి. సిమెంటు కొట్టు, స్టూలు, తుమ్ములు అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. ఇంక ఉండబట్టలేక గొంతు సవరించుకున్నాను.

"డబ్బా ఆరుబయటే ఉండాలని ఆయనకి తెలుసు. కానీ సంస్థ సొత్తుని కన్నబిడ్డలా చూసుకుంటానని చెప్పడం ఆయన ఉద్దేశం" అన్నాను.

"ఆహా!" అన్నాడు కుడిపక్కాయన, రాసుకుంటూ.

"నేనలా అనలేదు! మిమ్మల్నందర్నీ సస్పెండు చేస్తాను! ఒక్కొక్కడి అంతు చూస్తాను!"

"క్రమశిక్షణ విషయంలో రాజీపడడన్నమాట" అన్నాను నేను.

"భలే సెలవిచ్చారు సార్. మరి వానలో మేడెక్కి తడవగలడంటారా?"

"తడవగలడు. నాకు బాగా తెలిసిన కుర్రాడే. వానంటే అతనికి చిన్నప్పట్నుంచీ ప్రాణం. నామాట నమ్మండి, ఈ ఉద్యోగం అతనికి ఇస్తే సంస్థ పేరు నిలబెడతాడు."

అంతవరకూ అబద్ధమాడానేమో గానీ ఈ ముక్క మాత్రం మనస్ఫూర్తిగా చెప్పాను. చెబుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి. సభ్యులిద్దరూ అర్థమైందన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"సార్ ఇంతగా చెప్పాక ఇంక ఆలోచించేదేముంది? తమ మాటే మా మాట" అని ఇద్దరూ మార్కులు నిండుగా వేసేశారు.

ఇన్నేళ్ళుగా ఎవరైనా ఒక్క మాట సాయం చేస్తారేమోనని ఎన్ని గుమ్మాలెక్కి దిగానో! చివరికి నాకు రికమండేషన్ చేసిన పెద్దమనిషి ఒక్కడే దొరికాడు. అది నేనే.

దండపాణిగారు బల్ల మీదికి దూకబోయారు. నేను కట్టిన ముడి గట్టిదే గానీ దుప్పటి కాళ్ళకి చుట్టుకుని అక్కడే చతికిలబడ్డారు. సభ్యులు లేవదీస్తుంటే నేను వెనక తలుపు తీసుకుని ఒకటే పరుగు. బట్టల గదికి తాళం. దుప్పటితోనే రోడ్డున పడ్డాను. వానలో తడుస్తూ, దుప్పటి కప్పుకుని పరిగెత్తుతున్న నన్ను చూసి ఓ రిక్షా ఆయన డబ్బులడక్కుండా ఎక్కించుకున్నాడు. ఏ ఇంట్లో పోయారో పాపం అనుకున్నాడేమో.

"ఎలా చేశావురా?" అంది అమ్మ.

"నేను బాగానే చేశాను. నా బదులు వెళ్ళినాయనే సరిగ్గా చెయ్యలేదు" అని, అంతా చెప్పేశాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఒకటే నవ్వు. "ఇంక ఉద్యోగమేం వస్తుందిలే, అన్నం తిను" అంది. ఆ సాయంత్రం మావయ్య వచ్చి, స్టూలు తుడిపించానని చెప్పి వెళ్ళాడు.

మరుసటి వారం నాకు ఉద్యోగం వచ్చినట్టు ఉత్తరం వచ్చింది.

అదెలా జరిగిందో చేరిన రోజున గవర్రాజు చెప్పాడు. సఫారీ తొడుక్కోగానే దండపాణిగారిని అందరూ గుర్తుపట్టేశారట. నా ఎంపికని రద్దు చెయ్యమని ఆయన గావుకేకలు పెట్టారట. మార్కండేయులుగారు ఫైలు ముందు పెట్టి, వినయంగా, "రద్దు చేయుటకు కారణము రాయవలెను సార్. సఫారీ లేనందున బోర్డువారు ఛైర్మన్ గారిని గుర్తించలేదనియు, వారు సహాయ వర్షమాపకుని ప్రశ్నకు తప్పు సమాధానము చెప్పిరనియు రాయమందురా?" అని అడిగారట. దండపాణిగారు చాలాసేపు కిటికీలోంచి వాన చూశారట. తరవాత ఫైలు దగ్గరికి లాక్కుని, ఎప్పట్లాగే చదవకుండా సంతకం పెట్టేశారట.

ఆయన గదిలో బల్ల మీద పొడిపొడిగా, తళతళలాడుతూ ఉన్న డబ్బాని నేనే మేడ మీదికి మోసుకెళ్ళి పెట్టాను. మర్నాడు పొద్దున్న నేను రాసిందే ఆ సీజన్లో మొదటి కొలత. పాపం, ఆయన నన్నేమీ అనలేదు. నడవాలో ఎదురైనప్పుడు మాత్రం, నా చొక్కా కేసి చూసి పక్కకి తప్పుకుంటారు.

జగ్గప్పారావుగారి చొక్కా బట్టల గదిలోంచి తెచ్చి, అరటిపళ్ళతో సహా తిరిగి ఇచ్చేశాను. "చూశావా, నేను చెప్పలా?" అన్నారాయన. చూశానండీ అన్నాను. కానీ మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. తెల్లారేసరికి సంగతంతా వీధి వీధంతా పాకిపోయింది.

నిన్న పొద్దున్న నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే, మంగతాయారుగారు పళ్ళెంలో అరటిపళ్ళు పెట్టుకుని మా గుమ్మంలోకొచ్చారు. వాళ్ళ మనవడికి కలెక్టరాఫీసులో ఇంటర్వ్యూ వచ్చిందట.

"చొక్కా జగ్గప్పారావుగారింట్లో ఉందండీ" అన్నాను.

"ఇప్పుడా చొక్కా ఎవడిక్కావాలి నాయనా?" అన్నారావిడ.

ఇంక నేను కొట్టుకి రానని తేలాక మావయ్య ఆ స్టూలు మా ఇంటికి పంపించేశాడు. అమ్మ దాని మీదెక్కి, అటక మీంచి మడతపెట్టిన తెల్ల దుప్పటి దించి, కళ్ళకద్దుకుని, ఆవిడ చేతిలో పెట్టింది.

"అచ్చొచ్చిన దుప్పటి వదినా, ఉతక్కండి."